సీటెట్‌లో తెలుగు: గద్యభాగం ప్రశ్నలకు జవాబు ఇలా వెతకాలి

తరతరాలుగా ఇతర రాష్ట్రాల్లో స్థిరపడిన మన ఇళ్లలో మాట తెలుగే. పిల్లల బడి చదువు మాత్రం ఎక్కువగా కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ లేదా ఇంగ్లిష్‌లో సాగుతుంది. ఉపాధ్యాయ ఉద్యోగాల కోసం సీటెట్ రాసే మన పిల్లలు ఇంటి భాషే కదా అని తెలుగు ఎంచుకుని, తీరా గద్యభాగం దగ్గర తడబడుతుంటారు. మాట్లాడే తెలుగు వేరు, అచ్చులో చదివే తెలుగు వేరు.

పరీక్షలో తెలుగు ఎక్కడ?

సీబీఎస్‌ఈ నిర్వహించే ఈ పరీక్షలో ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటల సమయం. మొదటి భాషకు 30, రెండో భాషకు 30 ప్రశ్నలు ఉంటాయి. ఎంచుకోదగిన 20 భాషల్లో తెలుగు ఒకటి. రెండూ వేర్వేరు భాషలై ఉండాలి. ఒక్కో భాషలో 15 ప్రశ్నలు చదివి అర్థం చేసుకోవడంపైన, 15 బోధన పద్ధతులపైన వస్తాయి.

సిలబస్ ప్రకారం మొదటి భాషలో ఒక గద్యం లేదా నాటక భాగం, ఒక కవిత ఇస్తారు. రెండో భాషలో రెండూ గద్యాలే. బడిలో తెలుగు చదవనివారికి కవిత కష్టం కాబట్టి, వారు తెలుగును రెండో భాషగా పెట్టుకోవడం మేలు. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది సమాచార పత్రం తప్పక చూసుకోండి.

ఒక నమూనా

"చెరువు నిండుగా ఉన్నంత కాలం ఊళ్లో ఎవరూ దాని మాట ఎత్తలేదు. ఎండిన ఏడాది ప్రతి అరుగు మీదా అదే మాట. పూడిక తీయాల్సిందేనని అందరూ అన్నారు. ఇంతలో వాన కురిసింది. మాటలు ఆగిపోయాయి."

ప్రశ్న: దీన్నిబట్టి ఏం తెలుస్తోంది?

1. వానకు పూడిక కొట్టుకుపోయింది.
2. ఊరివారికి చెరువంటే ఇష్టం లేదు.
3. అవసరం తీరగానే ఊరివారు పనిని మరిచారు.
4. చెరువులు ఏటా ఎండిపోతాయి.

మొదటిది జరిగి ఉండవచ్చు, కానీ గద్యంలో ఆ మాట లేదు. రెండోది ఉన్నదాన్ని మించి చెబుతోంది. నాలుగోది ఒక్క ఏడాది సంగతిని అన్ని ఏళ్లకూ అంటగడుతోంది. చివరి రెండు వాక్యాలను కలిపి చదివితే మూడోదే సరైనదని తెలుస్తుంది. "పూడిక" అంటే తెలియకపోయినా కంగారు వద్దు. చెరువు ఎండినప్పుడు తీయాల్సినదంటే అడుగున పేరుకున్న మట్టి అని పక్క మాటలే చెబుతాయి.

పొరుగు భాష మాటలతో జాగ్రత్త

పై జవాబులోని "అవసరం" చూడండి. తెలుగులో అది కావలసి రావడం. కన్నడ, తమిళాల్లో తొందర. ఒడియాలో తీరిక. అలాగే "ఉపన్యాసం" మనకు ప్రసంగం, ఒడియాలో నవల. "రాగం" మనకు పాటకు సంబంధించినది, మరాఠీలో "రాగ్" అంటే కోపం. చూసిన మాటే కదా అని తొందరపడితే తప్పుడు జవాబు దగ్గరే ఆగిపోతాం.

పరీక్ష రోజు

- ముందు ప్రశ్నలు ఒకసారి చూసి, తర్వాత గద్యం చదవండి.
- "సరికానిది", "కానిది" అన్న మాటల కింద గీత గీయండి.
- "ఎప్పుడూ", "అందరూ", "మాత్రమే" ఉన్న జవాబును గద్యంతో మరోసారి సరిచూడండి.
- కవితలో ముందు క్రియను, తర్వాత ఆ పని చేసిందెవరో పట్టుకోండి.
- తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ఏ ప్రశ్ననూ వదలవద్దు.

రోజూ ఒక తెలుగు పత్రిక సంపాదకీయం పైకి చదవండి. చదివాక దాని సారాంశాన్ని ఇంట్లో పెద్దవారికి రెండు వాక్యాల్లో చెప్పండి. చెప్పలేకపోయిన చోటే మీకు అర్థం కాని చోటు. అక్కడికి వెళ్లి మళ్లీ చదవండి.