కళింగ తామ్రశాసనముల ముద్రలు

తామ్రశాసనములను పరిశీలించువారి దృష్టి సాధారణముగా రేకులమీదనే నిలుచును. రేకులను గ్రుచ్చిన కడియమును, దానిపైనున్న ముద్రయు పీఠికలో ఒకటి రెండు వాక్యములతో ముగియును. శ్రీకాకుళము జిల్లాలో లభించిన ప్రాచీన కళింగ శాసనములను చూచినచో ఆ వాక్యములు ఎంత విలువైనవో తెలియగలదు.

నరసన్నపేట సమీపమునందలి కోమర్తిలో దొరకిన చండవర్మ శాసనము ఆ రాజు 6వ రాజ్యసంవత్సరమున సింహపురము నుండి వెలువడినది. దీనిని హుల్ట్ష్ పండితుడు ప్రకటించెను. వేంగిని పాలించిన శాలంకాయనులలోను చండవర్మ యను రాజు కలడు. నామసామ్యము నొక్కదానినే నమ్మినచో ఇరువురును ఒక్కరేయని భ్రమపడుటకు అవకాశము కలదు. కాని శాలంకాయనుల ముద్రపై చిహ్నము వృషభము. కోమర్తి ముద్రపైనున్నది 'పితృభక్తః' అను పదము. చరిత్రకారులు నేడు ఈ కళింగ రాజులను పితృభక్తులని వ్యవహరించుటకు ఆధారము ఈ ముద్రాక్షరములే.

ముద్ర వంశమును తెలుపుటతో ఆగదు. ముఖలింగమునకు సమీపమునందలి అచ్యుతాపురమున దొరకిన గాంగరాజు ఇంద్రవర్మ శాసనము గాంగశకము 87వ సంవత్సరమునకు చెందినది. ఆ శకము క్రీ. శ. 498లో ఆరంభమైనదను మతము ననుసరించి ఇది సుమారు 585 అగును. ఇందు దానమిచ్చిన భూమికి సర్వకర పరిహారము కలుగజేయబడినది. ఇట్టి శాసనము గ్రహీతకు ఆస్తిపత్రము. పన్ను వసూలు చేయవచ్చిన అధికారికి నిషేధాజ్ఞ. ఆ యధికారిని ఆపగల బలము రాజముద్రకే కలదు. కడియపు రెండు కొనలును ముద్ర యడుగున అతుకబడుటచే, దానిని తెగగొట్టక రేకును మార్చుటకు వీలులేదు.

ఇంచుమించు ఆ తరువాతి శతాబ్దమున, బైజాంటియ సామ్రాజ్యమున కొమ్మెర్కియారియులను అధికారులు సీసపు ముద్రలు వాడిరి. ఏడవ శతాబ్ది మధ్యము నుండి వానిపై చక్రవర్తి ప్రతిమ, అధికారి పేరు, ప్రాంతము, పన్నులెక్క సంవత్సరము కనబడును. త్రాటిని సీసపు బిళ్ళ నడుమనుంచి పటకారుతో నొక్కెడివారు. పత్రములు నశించినవి, త్రాళ్ళు చీకిపోయినవి, ముద్రలు మాత్రము మిగిలినవి. అవి వేనికి కట్టబడినవో, ఆ యధికారులు వసూలుదారులో, వర్తకులో, సైన్యమునకు సరకు సమకూర్చినవారో యను చర్చ తెగలేదు.

అచ్చట ముద్ర నిలిచి పత్రము నశించినది. ఇచ్చట రెండును మనకు కలిసి దక్కినవి. పన్నును విధించిన చేయి అచ్చట, విడిచిన చేయి ఇచ్చట కనబడుచున్నది. ఇట్టి భాగ్యమును మనము ఉపేక్షించుట తగదు. రేకులు చేతికి వచ్చునప్పటికి కడియము తెగియున్నదా, ముద్ర ఆ రేకులదేనా, దాని చిహ్నమెట్టిది, అక్షరములెవ్వి యను విషయములను పరిశోధక విద్యార్థులు పాఠమునకు ముందే వ్రాసికొనవలెనని మా మనవి. తెగిన కడియమునకు వేరొక ముద్రను తగిలించుట కష్టము కాదు. అట్టి ముద్రను నమ్మి ఒక వంశమునే కల్పించుట అంతకన్న సులభము.