కందెన నుంచి సింథటిక్ ఆయిల్ దాకా



కారును సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్ అడిగే ప్రశ్న మీకు తెలిసిందే. "మామూలు ఆయిల్ పొయ్యమంటారా, సెమీ సింథటిక్కా, ఫుల్ సింథటిక్కా?" మూడింటికీ ధరలో చాలా తేడా ఉంటుంది. చవకది చాలు అనేవారు కొందరు. ఖరీదైనది గనుక మంచిదే అయి ఉంటుంది అనేవారు మరికొందరు. ఈ రెండు తీర్పులకూ ఆధారం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఈ నూనెలు ఎప్పుడు, ఏ అవసరం తీర్చడానికి పుట్టాయో తెలుసుకోవాలి. ఈ పూట ఆ చరిత్రే చెప్పుకుందాం.

కథ మన ఎడ్లబండి దగ్గరే మొదలవుతుంది. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన సామెత. కందెన అంటే ఇరుసుకు పూసే జిడ్డు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, గొట్టంలో నింపి బండికి వేలాడదీసుకునేవారు. మా బళ్లారిలో తెలుగింటి పక్కనే కన్నడం ఇల్లు ఉంటుంది. కాబట్టి దీనికి కీలెణ్ణె అనే కన్నడ పేరు కూడా సత్యనారాయణపేట పెద్దలకు కొత్త కాదు. పేరు ఏదైనా పని ఒక్కటే. రాసుకునే రెండు భాగాల మధ్య పలచని పొరగా నిలిచి, అవి అరగకుండా, వేడెక్కకుండా కాపాడాలి. నేటి కారు ఇంజన్‌లో నూనె చేసే మొదటి పని కూడా అదే.

1871లో మద్రాసు నుంచి, బొంబాయి నుంచి వచ్చిన రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. ఆ కాలపు మన దేశపు రైళ్లలో దీపాలకూ, యంత్రాలకూ కూడా ఆముదాన్ని విరివిగా వాడేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లకు సైతం ఆముదమే పోశారు. అది పెట్రోలులో తేలికగా కరిగిపోదు, ఎంత వేడిలోనైనా లోహాన్ని పట్టుకుని ఉంటుంది. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో లండన్‌లో ఒక నూనెల కంపెనీ పెట్టాడు. 1909లో ఆముదం కలిపిన మోటారు నూనెను తెచ్చి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే పేరు మీద దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడే ఆ కంపెనీ నూనెలు మన దేశానికి వచ్చాయి. రెండు రకాలు కలిపి అమ్మడం నిన్న మొన్నటి సంగతి కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే ఆముదానికి ఒక లోపం ఉంది. వేడికీ గాలికీ కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది. నెలల తరబడి ఒకే నూనెతో తిరగవలసిన కారుకు అది పనికిరాదు. ఆ చోటును భూమిలో దొరికే నూనె ఆక్రమించింది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ బావి తవ్వి ముడినూనె తీశాడు. మన దేశంలో అస్సాంలోని దిగ్బోయిలో 1889లో నూనె పడింది, 1901లో అక్కడ శుద్ధి కర్మాగారం వెలిసింది. తెలుగు నేల మీద 1957లో విశాఖపట్నంలో కాల్‌టెక్స్ వారి రిఫైనరీ మొదలయింది.

ముడినూనె నుంచి తీసిన కందెననే ఇప్పుడు మినరల్ ఆయిల్, మామూలు ఆయిల్ అంటున్నాం. దీన్ని కళ్లంలో ధాన్యంతో పోల్చి చూడండి. ఎంత తూర్పారబట్టినా కొంత తాలు, కొంత మట్టి మిగులుతాయి. గింజలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. మినరల్ ఆయిల్‌లో అణువులూ అంతే. చిన్నవి వేడికి త్వరగా ఆవిరైపోతాయి, మైనపు గుణం ఉన్నవి చలికి గడ్డకడతాయి.

ఈ లోపాలను సరిదిద్దడానికి ఇంజనీర్లు ఒక్కొక్క మెట్టూ కట్టారు. 1911లో అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘం నూనె చిక్కదనానికి అంకెలు పెట్టింది. డబ్బా మీద కనిపించే ఎస్ఏఈ అనే మూడు అక్షరాలు ఆ సంఘానివే. 1930లలో డీజిల్ ఇంజన్లలో మసి పేరుకుని పిస్టన్ రింగులు అంటుకుపోతుంటే, మసిని కడిగి తనలో తేలనిచ్చే మందులు నూనెలో కలపడం మొదలుపెట్టారు. కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడిందని కంగారుపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నల్లబడినంత మాత్రాన ఆయిల్ చెడిపోయినట్టు కాదు, మసిని కడుగుతున్నదన్నమాట. తర్వాత 1950లలో చలిలో పలచగా పారుతూ, వేడిలో తగినంత చిక్కదనం నిలుపుకునే మల్టీగ్రేడ్ నూనెలు వాడుకలోకి వచ్చాయి. 20 డబ్ల్యూ 40 అంటే అదే. డబ్ల్యూతో ఉన్న అంకె చలిలో గుణాన్ని చెబుతుంది. రెండవ అంకె వంద డిగ్రీల వేడి దగ్గర చిక్కదనాన్ని చెబుతుంది.

ఇక సింథటిక్ ఆయిల్. ఇందులో గింజలను ఏరడం ఉండదు, ఒకే పరిమాణం గల అణువులను రసాయన శాలలో కూర్చుతారు. ఈ దారికి 1877లోనే ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు పునాది వేశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ముడినూనె కొరతతో, గడ్డకట్టే చలితో అవస్థపడిన జర్మనీ ఈ నూనెల మీద చాలా కృషి చేసింది. యుద్ధం తర్వాత జెట్ విమానాలకు ఇవి తప్పనిసరి అయ్యాయి. కార్లకోసం 1972లో ఆమ్సాయిల్, 1974లో మొబిల్ 1 అంగట్లోకి వచ్చాయి. అంటే సింథటిక్ ఆయిల్ పుట్టింది మామూలు నూనె తట్టుకోలేని చోట్ల కోసం. ఎముకలు కొరికే చలి, నిప్పులాంటి వేడి, ఎక్కువ కాలం మార్చకుండా నడవాల్సిన అవసరం, ఈ మూడూ దాని బలం చూపించే సందర్భాలు.

శ్రోతలారా, ఇక్కడ ఒక మలుపు ఉంది. ముడినూనెను హైడ్రోజన్‌తో, గట్టి ఒత్తిడిలో మార్చి, సింథటిక్‌కు దగ్గరగా వచ్చే నూనె తీసే పద్ధతి బలపడింది. దీన్ని మూడవ గ్రూపు నూనె అంటారు. క్యాస్ట్రాల్ అలాంటి నూనెను సింథటిక్ అని అమ్మితే, మొబిల్ అభ్యంతరం చెప్పింది. అమెరికాలో వ్యాపార ప్రకటనలను పరిశీలించే సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపే తీర్పు చెప్పింది. నాటి నుంచి సింథటిక్ అనే మాటకు అర్థం విశాలమైపోయింది. ఇక సెమీ సింథటిక్ అంటే రెండూ కలిపినది. ఎంత శాతం కలపాలో అన్ని దేశాలకూ వర్తించే కట్టుబాటు ఏదీ లేదు. కాబట్టి డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న మాటను చూసి మోసపోవద్దు. వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి.

మన దేశం సంగతి చూద్దాం. ఇండియన్ ఆయిల్ సంస్థ 1972లో సర్వో పేరుతో నూనెలు తెచ్చింది. 1974 నుంచి 1976 వరకు ఎస్సో, బర్మాషెల్, కాల్‌టెక్స్ ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1990ల ఆర్థిక సంస్కరణలతో విదేశీ డబ్బాలు అంగళ్లలో బారులు తీరాయి. నూనెతోపాటు ఇంజన్ కూడా మారింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈ కార్ల పొగగొట్టంలో విషవాయువులను శుద్ధి చేసే పరికరాలు ఉంటాయి. నూనెలోని భాస్వరం, బూడిద ఎక్కువైతే అవి పాడవుతాయి. వాటిని మార్చాలంటే ఒక చిన్న కుటుంబానికి నెలల సంపాదన పోతుంది.

మరి ఏది ఎంచుకోవాలి? మీ కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ చిక్కదనం, ఏ ప్రమాణం రాశారో, అదే మొదటి మాట, చివరి మాట. పాతకాలపు కార్బురేటర్ బండికి పుస్తకం 20 డబ్ల్యూ 40 చెబితే మంచి మినరల్ ఆయిల్‌ను వేళకు మారిస్తే చాలు. సింథటిక్ పోస్తే ఖర్చు పెరుగుతుంది, అరిగిన ఇంజన్ కొత్తది కాదు. 0 డబ్ల్యూ 20 వంటి పలచని నూనె చెప్పిన బండికి సింథటిక్ కావాల్సిందే. మధ్యస్థంగా, పుస్తకం ఒప్పుకున్నచోట, సెమీ సింథటిక్ సరిపోతుంది.

"మా బళ్లారి ఎండలకు పలచని నూనె ఆగుతుందా?" అని చాలామంది అడుగుతారు. ఎండ నలభై డిగ్రీలు దాటినా, ఇంజన్‌ను చల్లబరిచే ఏర్పాటు లోపలి వేడిని ఒక హద్దులో ఉంచుతుంది. రెండవ అంకెను ఆ వేడికి తగ్గట్టే నిర్ణయించారు. కాబట్టి ఎండ పేరు చెప్పి చిక్కని నూనె పోయకండి.

మన ఊరికి అసలు చిక్కులు రెండు. మొదటిది దుమ్ము. సండూరు, హోసపేట దారుల్లో ఇనుప ఖనిజం లారీల వెంట నడిచే బండికి ఎర్రని ధూళి తప్పదు. గాలి ఫిల్టర్ పాడైతే ఏ నూనె కూడా ఇంజన్‌ను కాపాడలేదు. రెండవది దగ్గరి ప్రయాణాలు. సత్యనారాయణపేట నుంచి కౌల్‌బజారుకు వెళ్లి వచ్చేలోగా ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. నీటి ఆవిరి, కాలని పెట్రోలు నూనెలో చేరతాయి. అందుచేత కిలోమీటర్లు పూర్తికాకపోయినా, పుస్తకంలో చెప్పిన నెలలు నిండగానే నూనె మార్చండి. సింథటిక్ పోశాం కదా అని వాయిదా వేయకండి.

దారిలో నూనె తగ్గితే, అదే అంకెలూ అదే ప్రమాణమూ ఉన్న ఏ రకమైనా కొంచెం పోసుకోవచ్చు. మినరల్, సింథటిక్ కలిస్తే విరిగిపోతాయన్నది అపోహ. ఖాళీ డబ్బాను మాత్రం పగలగొట్టి పారేయండి, కల్తీ నూనె నింపి మరొకరికి అమ్మే వీలుండదు.

ఆముదం గొట్టం కట్టుకున్న బండివాడికి తన ఇరుసు తెలుసు, ఎద్దులు తెలుసు, దారి తెలుసు. వాటిని బట్టే కందెన వేశాడు. మీరూ మీ ఇంజన్‌ను బట్టి, మీ దారిని బట్టి ఎంచుకోండి. ధర సంగతి ఆ తర్వాత చూడండి.