సాఫ్టువేరు పెట్టెలు - ప్రభుత్వము పరీక్షించిన తాళములు

శంషాబాదు పరిసరములలో రెండు విధములైన పెట్టెలు కలవు. 2008 మార్చిలో ఆరంభమైన విమానాశ్రయమున, నిర్ణీత కొలతలుగల పెట్టెలలో సరకులు విమానము లెక్కును. రెండవ విధము కంటికి కానరానిది. సమీపమున చందనవెల్లి మొదలైన చోట్ల అమెజాన్ సంస్థ డేటా కేంద్రములను నెలకొల్పెను. 2022 నవంబరులో వాని సేవలు మొదలైనవి. ఇట్టి కేంద్రములలో సాఫ్టువేరును కంటెయినర్లలో ఉంచి నడుపుట నేడు పరిపాటి. ప్రోగ్రామును, దానికి కావలసిన సహాయక భాగములను ఒకే కట్టగా కట్టినదే కంటెయినరు. 2013లో డాకర్ వెలువడిన పిమ్మట ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను.

బ్యాంకు లెక్కలు, రోగుల వివరములు సైతము ఇట్టి పెట్టెలలో నడుచును. వానిని కాపాడునది గుప్తలేఖనము. అనగా రహస్య సంఖ్య తెలియనివారికి అర్థము కాకుండ సమాచారమును మార్చుట. ఆ రహస్య సంఖ్యయే దీనికి తాళపుచెవి.

1977లో అమెరికా ప్రభుత్వము డి.ఇ.యస్. అను పద్ధతిని ప్రమాణముగా అంగీకరించెను. దాని తాళపుచెవి పొడవు 56 బిట్లు. 1998లో ఎలెక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నిర్మించిన యంత్రము మూడు దినములు నిండకముందే దానిని ఛేదించెను. అప్పటికే క్రొత్త పద్ధతికై పోటీ ఆరంభమై యుండెను. పోటీకి నిలచిన 15 పద్ధతులలో బెల్జియము శాస్త్రజ్ఞులు డేమన్, రైమన్ రూపొందించినది 2001లో ఏ.ఇ.యస్. అను పేర ప్రమాణమయ్యెను.

పద్ధతి మంచిదైనను, దానిని అమలుపరచు ప్రోగ్రాము లోపభూయిష్టమైనచో ఫలము లేదు. అందుచే ప్రోగ్రామునే ప్రయోగశాలలో పరీక్షింపవలెనని 1994లో ఫిప్స్ 140 అను ప్రమాణము వెలువడెను. 2001లోను, 2019లోను దానిని సవరించిరి. మన దేశమున 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకములకు చట్టబద్ధత నొసగెను. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదున స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ, బ్యాంకులకు ధ్రువపత్రము లిచ్చు అధికారమును ఈ చట్టము క్రిందనే పొందెను.

కంటెయినరు విషయమున ఒక చిక్కు కలదు. పెట్టెలన్నింటిని మోయు విమానము ఒక్కటే యైనట్లు, ఒక యంత్రముపై నడుచు కంటెయినర్లన్నింటికి కెర్నెల్ ఒక్కటే. లినక్సులో ఫిప్స్ విధానమును ఆ కెర్నెలులోనే, యంత్రము ఆరంభమగునపుడే అమర్చవలెను; కంటెయినరు దానిని చూడగలదేకాని మార్చలేదు. అయినను కెర్నెలును అమర్చినంత మాత్రము చాలదు. పెట్టెలోని గుప్తలేఖన భాగముగూడ పరీక్ష నెగ్గినదై యుండవలెను. పెట్టె వేరొక యంత్రమునకు మారినప్పుడెల్ల ఈ రెండును సరిచూడవలసినదే.

మరియొక చిక్కు. దోషము బయటపడి ప్రోగ్రామును సవరించినచో, పాత ధ్రువపత్రము సవరించినదానికి వర్తింపదు. తిరిగి పరీక్షకు కాలము పట్టును. పరీక్షించిన పాత తాళమా, బాగుచేసిన క్రొత్త తాళమా అన్న ఈ సమస్యను ఇంజనీర్లు నేటికిని ఎదుర్కొనుచునే యున్నారు.