మూత పెట్టిన కలం

పెళ్లి అయిపోయింది. జనం భోజనాలకు లేస్తున్నారు. పాస్టరు గారు పెళ్లిళ్ల పుస్తకం తెరిచి, కలం మూత తీసి పిల్లవాడి పేరు అడిగారు. తల్లి దగ్గరికొచ్చి మెల్లగా అన్నది: "అయ్యగారూ, మీ పుస్తకంల రాయకుండ్రి. పిల్లగాడు నౌకరీ పరీక్షలు రాస్తున్నడు. కాయిదాలల్ల వేరే పేరున్నది." ఆయన ఆమె ముఖంలోకి చూశారు. మారుమాట లేకుండా కలానికి మూత పెట్టేశారు.

యాలాల్ మండలంలో ఓ చిన్న ప్రార్థన మందిరంలో, తాండూరు బండలు పరిచిన నేల మీద కూర్చుని చూశానిది. ఆ తల్లిని నేను తప్పు పట్టలేను. పాస్టరు గారినీ పట్టలేను. కానీ ఆ కలం మూత టక్కుమన్న చప్పుడు మాత్రం నన్ను వదల్లేదు.

మా వికారాబాదు, తాండూరు వైపు మెథడిస్టు మిషను సంఘాలే పాతవి. బాప్టిస్టులు పాలమూరు, నల్లగొండ, హనుమకొండల్లో పాతుకున్నారు. వాళ్ల మూలం మాత్రం కోస్తాలో ఉంది. ఆ రోజు ఇంటికొస్తుంటే నా మనసు ఒంగోలు మీదికే పోయింది. తమ పేరు పుస్తకంలో ఎక్కాలని ఈ దేశపు నిరుపేదలు ఒకప్పుడు వేల సంఖ్యలో ఏటి ఒడ్డున నిలబడ్డారు. ఆ చోటు ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ పక్కన ఉన్న వెల్లంపల్లి.

అంతకుముందు ఆ బాప్టిస్టు మిషను దాదాపు చచ్చిపోయింది. అమెరికా నుంచి శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక మూసేద్దామని అమెరికాలో పెద్దలు చర్చకు కూర్చున్నారు. పటంలో ఒంటరిగా ఉన్న ఈ కేంద్రాన్ని 'లోన్ స్టార్' అన్నారు, ఒంటరి చుక్క అని. 1854 జనవరి 1 తెల్లవారకముందే లైమన్ జ్యువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి మోకరించారు. అక్కడికి ఒక మనిషిని పంపమని దేవుణ్ణి అడిగారు. ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టేసరికి 1866 వచ్చింది.

అయితే ఒంగోలును కదిలించినవాడు క్లౌ కాదు. ఆ మాట క్లౌ కూడా ఒప్పుకునేవాడు. కదిలించినవాడు తాళ్లకొండపాడు మాదిగ, ఎర్రగుంట్ల పేరయ్య. తోలు పనివాడు. యోగం నేర్చిన సాధకుడు, తనకూ శిష్యులున్న గురువు. తోళ్ల బేరానికి ఉత్తరాన ఉన్న ఊళ్లు తిరిగినప్పుడు క్రీస్తు మాట చెవిన పడింది. వెతికింది దొరికిందనుకున్నాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఊరూరా నడిచాడు. మిషను జీతగాడిలా నడవలేదు, తమవాళ్ల దగ్గరికి వెళ్లే తమవాడిలా నడిచాడు. సంఘం కట్టినవాళ్లు అసలు ఇలాంటి పేరయ్యలే. గూడెంలో పుట్టి, గూడెంలో తిని, గూడెంలోనే బోధించినవాళ్లు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. త్వరలోనే అగ్రకులాల పెద్దలు క్లౌ దగ్గరికి వచ్చారు: మాదిగలను చేర్చుకోవద్దు, అప్పుడు మేం వస్తాం. ఆయన చిక్కులో పడ్డాడు. ఒక గదిలో బైబిలు చేతికి తీసుకుంటే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకంలో నీచులను, తృణీకరించబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగమది. పక్క గదిలోకి వెళ్తే ఆయన భార్య హ్యారియెట్ కూడా అదే పుట ముందు కూర్చుని ఉంది. ఇద్దరూ వేరు వేరుగా ఒకే మాట చదివారు. ఇక తలుపు మూయలేదు. బలం ఉన్నవాళ్ల అండను కాదని బలం లేనివాళ్లను పిలిచిన నిర్ణయం ఇది. దాని ఖరీదు సంఘమే చెల్లించింది.

ఎందుకంటే ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అనేవి ఆ సంఘపు మూడు కట్టుబాట్లు. జాతరలో ఇక డప్పు కొట్టం అన్నందుకు ఊరి పెద్దలు కక్ష కట్టారు. పని ఆపేశారు, నీళ్లు ఆపేశారు. కడుపు మాడ్చుకుని నిలబడ్డవాళ్ల పేర్లు ఇప్పుడు ఎవరికి తెలుసు?

1876లో కరువు దిగింది. 1878 వరకు వదల్లేదు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, బోధకులను మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో చస్తున్న జనానికి కూలి ఇప్పించాడు. పగలు మట్టి మోసేవాళ్లు, విశ్రాంతి వేళ బోధకుల చుట్టూ కూర్చునేవాళ్లు. ఆ కరువులో పదిహేను నెలల పాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. పని ముగిసింది, డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం వెల్లంపల్లికి వచ్చారు. మేం కాలువ తవ్వి బతికాం, మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలి అన్నారు.

1878 జులై 2న 614 మంది. జులై 3న 2,222 మంది. మర్నాడు మరో ఏడు వందలు. మొత్తం 3,536. నాకు ఈ అంకెల కంటే జులై 3 నాటి తీరు ముఖ్యం. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు. ఒక్కోసారి ఇద్దరేసి గుండ్లకమ్మ నీళ్లలో నిలబడ్డారు, అలిసిపోతే మరో ఇద్దరు దిగారు. ఒడ్డున గుమాస్తాలు జాబితాలు పట్టుకుని ఒక్కొక్కరి పేరు చదివారు. పేరు పిలవగానే ఆ మనిషి నీళ్లలోకి నడిచాడు. క్లౌ ఆ రోజు నీళ్లలో దిగనే లేదు. పుట్టినప్పటి నుంచి 'ఒరే', 'ఒసే' అని తప్ప పిలుపు ఎరగని మనిషిని ఎవరో కాగితంలోంచి పేరు పెట్టి పిలిచారు. ఆ పిలుపు విన్న ముఖాలను తలచుకుంటే నా కళ్లు చెమరుస్తాయి.

ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘం ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘమని చెప్పుకున్నారు. అంత ఎత్తు నుంచి దిగడం ఒక్కరోజులో జరగలేదు. పేరయ్య పోయాడు. క్లౌ 1910 నవంబరు 24న అమెరికాలో రోచెస్టరులో కన్నుమూశాడు. పేరయ్య తరం పెద్దలు చెప్పిన కథలను క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ కూర్చి 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథలని ఆ పేరు. ఆ కథలు పుట్టింది తెలుగులో. పుస్తకంలోకి ఎక్కింది పరాయి భాషలో.

స్వాతంత్ర్యం తర్వాత విదేశీ మిషనరీలు వెళ్లిపోయారు. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడింది. బంగళాలు, కాంపౌండ్లు, భూములు మిగిలాయి. వాటి మీద తగాదాలూ మిగిలాయి, కోర్టు మెట్లెక్కాయి. పల్లె పాస్టరు మాత్రం సైకిలు మీదే తిరిగాడు. మనవాళ్ల తప్పూ ఉందని ఒప్పుకోవాలి. పేరయ్య చేతి పనితో నిలబెట్టిన సంఘాన్ని మనం జీతాల లెక్కలోకి దించుకున్నాం.

కానీ అసలు దెబ్బ బయటి నుంచి పడింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని చెప్పింది. చర్చిలో చేరినంత మాత్రాన ఊరి బావి దగ్గర కులం కరిగిపోలేదు. కాగితం మీద మాత్రం కరిగిపోయింది. అప్పటి నుంచి ఎన్నో ఇళ్లలో మనుషులు రెండు పేర్లతో బతకడం నేర్చుకున్నారు: ఒకటి ఆదివారానికి, ఒకటి మండల ఆఫీసుకు. గుండ్లకమ్మ ఒడ్డున గొంతెత్తి పిలిచిన పేరు రిజిస్టరులో రాయడానికి భయపడే రోజు వచ్చింది. సంఘం ఎంత ఎత్తు నుంచి పడిందో కొలవాలంటే నాకు ఈ ఒక్కటే కొలత. 1956లో ఆ ఉత్తర్వును సిక్కుల కోసం సవరించారు, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవుల కోసం సవరించలేదు.

యాలాల్ అయినా, ఒంగోలు అయినా, మీ ఇంట్లో పాత సంఘపు పుస్తకం ఏదైనా ఉంటే చెదపురుగు పట్టకముందే బయటికి తీయండి. మీ ఊరికి మొదట నడిచొచ్చిన పాస్టరు పేరు, ఆయన భార్య పేరు, ఆయన ఎవరి ఇంట్లో తిన్నాడో ఆ ఇంటి పేరు ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. పెద్దవాళ్లు ఉండగానే అడగండి.