నూనె ముడి విప్పిన ఆముదం గింజ

వంటాముదం తీయడం చూసినవాళ్లకు ఆ వరుస గుర్తుండే ఉంటుంది. ముందు ఆముదపు గింజల్ని మంగలంలో దోరగా వేయిస్తారు. రోట్లో వేసి మెత్తగా దంచుతారు. ఆ ముద్దను నీళ్లలో కలిపి మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి, చెమ్మ ఇంకిపోయేదాకా మళ్లీ కాస్తారు. దంచితే చాలదా, వేయించడం దేనికి అని అడిగితే నూనె బాగా దిగుతుందని, నిలవుంటుందని పెద్దవాళ్లు చెప్పేవారు.

ఆ రెండో మాటలో పెద్ద రసాయనశాస్త్రమే దాగి ఉంది. పచ్చి గింజలో లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గింజ చితికితే చాలు, అది నూనెకు తగులుకుని దాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు నూనె పుల్లబడుతుంది, వాసన పడుతుంది. సెగ తగిలితే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది. మన అమ్మమ్మలు పొయ్యిమీద పని ఆపించిన ఈ ఎంజైమ్‌నే 20వ శతాబ్దం మొదట్లో జర్మన్లు జీతంలేని కూలీగా ఫ్యాక్టరీలో పెట్టుకున్నారు. ఇవాళ ఒంటికి రాసుకునే మందుల్లో, క్రీముల్లో వాడే కొన్ని పదార్థాలను తయారుచేస్తున్నది ఆ కుటుంబానికి చెందిన ఎంజైములే.

గుంజకు మూడు పలుపులు

నువ్వుల నూనె అయినా, కొబ్బరినూనె అయినా, ఆముదం అయినా లోపలి కట్టడం ఒకటే. గ్లిజరిన్ అనే గుంజ ఒకటి, దానికి కట్టిన పలుపుతాళ్లలా మూడు కొవ్వు ఆమ్లాలు. ఆ ముడికి రసాయనశాస్త్రం పెట్టిన పేరు ఎస్టర్. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి ఒక నీటి అణువును బయటికి వదిలితే ముడి పడుతుంది. నీరు మళ్లీ వచ్చి చేరితే ముడి ఊడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథ సులువు.

ఈ ముడిలోని గుంజ మనిషి కంటపడింది ఒంటికి వేసే పట్టీ వల్ల కావడం విశేషం. రోమన్ల కాలం నుంచి యూరప్ వైద్యులు ఆలివ్ నూనెలో లిథార్జ్ అనే సీసపు ఆక్సైడ్‌నూ కొంచెం నీటినీ కలిపి ఉడికించి, జిగటగా ఉండే పట్టు తయారుచేసేవారు. గాయాలమీద, కురుపులమీద దాన్ని గుడ్డకు పూసి అంటించేవారు. వందల ఏళ్లు అలా ఉడికిస్తూ వచ్చినా మిగిలిన నీళ్లను ఎవరూ పట్టించుకోలేదు. 1779లో స్వీడన్‌కు చెందిన మందుల తయారీదారు కార్ల్ విల్‌హెల్మ్ షీలే ఆ నీటిని పరిశీలించాడు. అందులో తియ్యటి చిక్కని ద్రవం కనిపించింది. నూనెలో తీపి ఎక్కడిదని ఆశ్చర్యపోయి దానికి 'నూనెల తీపి' అన్న అర్థమొచ్చే పేరు పెట్టాడు. అదే గ్లిజరిన్. కొవ్వు ఆమ్లాలు సీసాన్ని పట్టుకుని పట్టుగా మారితే, గుంజ విడిపోయి నీళ్లలో మిగిలిందన్నమాట.

ఆ విడిపోయినవి ఏమిటో లెక్క తేల్చింది ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ షెవ్రూల్. సబ్బుల్నీ కొవ్వుల్నీ ఏళ్ల తరబడి విడగొట్టి చూసి, 1823లో తన గ్రంథం వెలువరించాడు. గ్లిజరిన్ అన్న పేరు ఆయన పెట్టిందే. 1848లో జర్మన్ రసాయనవేత్త లియోపోల్డ్ గ్మెలిన్, వెనిగర్ ఈథర్ అనే అర్థమున్న తన భాషలోని పొడుగు మాటను కుదించి 'ఎస్టర్' అన్నాడు.

తలనొప్పి చెప్పిన రహస్యం

గుంజకున్న పాత తాళ్లు విప్పేసి కొత్తవి కడితే ఏమవుతుంది? 1847లో ఇటలీలోని టూరిన్‌లో అస్కానియో సొబ్రేరో గ్లిజరిన్‌కు నైట్రిక్ ఆమ్లంతో ముడి వేశాడు. పుట్టింది నైట్రోగ్లిజరిన్. పేలుతుందని ప్రపంచానికి తెలిసిన ఆ పదార్థం కూడా ఒక ఎస్టరే. సొబ్రేరో దాన్ని కాస్త నాలుకకు రాసుకుంటే తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. తర్వాత దీంతో డైనమైట్ చేసే ఫ్యాక్టరీల్లో కార్మికులకూ అదే బాధ. వారం గడిచేకొద్దీ ఒళ్లు అలవాటుపడి నొప్పి తగ్గేది. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి వెళ్తే మళ్లీ మొదలయ్యేది. చేతులకు అంటినదీ, గాలిలో పీల్చినదీ నెత్తురులో కలిసి రక్తనాళాలను విప్పారజేయడమే దానికి కారణం.

రక్తనాళాలను విప్పార్చే ఆ గుణం గుండెనొప్పికి పనికొస్తుందని 1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్ ప్రకటించాడు. 20వ శతాబ్దంలో అది ఛాతీమీద రాసే మలాం అయింది. 1981 నాటికి అమెరికాలో ఒంటికి అంటించే పట్టీ అయింది. దానికి రెండేళ్ల ముందే, 1979లో, ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించే స్కోపోలమైన్ పట్టీకి అక్కడ అనుమతి దొరికింది. చర్మంలోంచి ఒళ్లంతటికీ మందు పంపే పట్టీల్లో అదే మొదటిది.

ఇటుకల మధ్య సున్నం

అయితే చర్మం ప్రతి మందునూ లోపలికి రానివ్వదు. దాని పైపొర మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు మాత్రమే, అంటే కాగితం మందంలో ఐదో వంతో పదో వంతో. చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా సందులు పూడ్చి ఉంటాయి. మందు వెళ్లాలంటే ఆ కొవ్వు సందుల్లోంచే దూరాలి. 500 డాల్టన్లకు మించిన బరువున్న అణువులు ఈ పొర దాటడం కష్టమని 2000లో యాన్ బోస్, మార్కస్ మైనార్డి ఒక కొండగుర్తు చెప్పారు.

ఇప్పుడు ఆముదాన్ని తూచి చూద్దాం. అందులోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లమే. మూడు రిసినోలిక్ తాళ్లున్న అణువు బరువు దాదాపు 933 డాల్టన్లు. అంటే ఒంటికి పట్టించిన ఆముదంలో ఎక్కువ భాగం పైనే ఉండి, చెమ్మ ఆరిపోకుండా కాపాడుతుంది. లోపలికి దూరాలంటే గుంజను వదిలించుకుని చిన్నది కావాలి.

మందుల తయారీవాళ్లు చేసిందదే. నూనె ముడి విప్పి, ఒక్కో కొవ్వు ఆమ్లాన్ని వేరుచేసి, దానికి చిన్న ఆల్కహాల్‌ను కట్టారు. వాటిలో బాగా పేరున్నది ఐసోప్రొపైల్ మిరిస్టేట్. మిరిస్టిక్ ఆమ్లాన్ని 1841లో లయన్ ప్లేఫేర్ జాజికాయ కొవ్వులోంచి వేరుచేశాడు. జాజికాయ శాస్త్రనామం మిరిస్టికా కాబట్టి ఆ పేరొచ్చింది. కొబ్బరినూనెలోనూ, పామ్ గింజల నూనెలోనూ అది బాగానే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జతచేస్తే వచ్చే ఈ ఎస్టర్ బరువు 270 డాల్టన్లు. నీళ్లలా పలచగా ఉంటుంది, జిడ్డు తెలియదు. ఇటుకల మధ్య సున్నంలోకి జారి దాని బిగువు సడలిస్తుంది. మందును తనలో కరిగించుకుని చర్మానికి చేరుస్తుంది. 2000లో అమెరికాలో అనుమతి పొందిన ఆండ్రోజెల్ అనే టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) జెల్‌లో ఆల్కహాల్‌తోపాటు ఇది కూడా ఉంది. రాసిన కాసేపటికి ఆల్కహాల్ ఆవిరైపోతుంది, ఎస్టర్ మాత్రం చర్మంలో నిలుస్తుంది.

ఆముదానికీ ఇక్కడ సొంత వాటా ఉంది. దాని గుంజ విప్పి మిథైల్ ఎస్టర్‌గా మార్చి, బాగా వేడిమీద విరగ్గొడితే అన్‌డిసైలినిక్ ఆమ్లం వస్తుంది. కాలివేళ్ల సందుల్లో పట్టే శిలీంధ్రాలమీద, తామరమీద ఇది పనిచేస్తుంది. జింకుతో కలిపి పొడిగానూ, మలాంగానూ చాలాకాలంగా వాడుతున్నారు.

కత్తెరే సూది అయింది

ఇక ఎంజైమ్ కథ. కొవ్వును క్లోమరసం విడగొడుతుందని 1848లో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ చూపించాడు. మొక్కల్లోనూ అలాంటిదే ఉందని 1890లో ఇంగ్లండ్‌కు చెందిన జె. ఆర్. గ్రీన్ రాశాడు. ఆయన ఎంచుకున్నది మొలకెత్తుతున్న ఆముదం గింజే. మొలకకు నూనె నేరుగా తిండి కాదు. గింజ దాన్ని విడగొట్టి చక్కెరగా మార్చుకోవాలి. ఆ మార్పిడి దారిని 1957లో హన్స్ కోర్న్‌బర్గ్, హ్యారీ బీవర్స్ కనిపెట్టిందీ ఆముదం మొలకల్లోనే.

1902లో జర్మనీలో కాన్‌స్టైన్, హోయర్, వార్టెన్‌బర్గ్ అనే ముగ్గురు ఒక చిత్రం గమనించారు. పచ్చి ఆముదం గింజల్ని దంచి, నూనెలో కలిపి, నీళ్లూ కాస్త ఆమ్లమూ చేర్చి గోరువెచ్చగా ఉంచితే చాలు, ముడులన్నీ ఊడిపోతున్నాయి. సబ్బుల, కొవ్వొత్తుల పరిశ్రమకు కొవ్వు ఆమ్లాలు కావాలి. మంటా లేదు, కాల్చే క్షారమూ లేదు. తర్వాత అధిక పీడనంలో ఆవిరితో విడగొట్టే యంత్రాలు వచ్చి ఈ పద్ధతిని పక్కకు నెట్టేశాయి.

ఆ ముగ్గురికి రెండేళ్ల ముందు, 1900లో, అమెరికాలో జోసెఫ్ కాసిల్, ఆర్థర్ లోవెన్‌హార్ట్ ఉల్టా ప్రయోగం చేశారు. క్లోమపు లైపేజ్‌ను బ్యుటిరిక్ ఆమ్లంతో, మామూలు ఆల్కహాల్‌తో కలిపితే ఇథైల్ బ్యుటిరేట్ వచ్చింది. అనాసపండు వాసనుండే ఎస్టర్ అది. ముడి విప్పే ఎంజైమే ముడి కూడా వేయగలదని తేలింది. ఏ పని చేస్తుందన్నది పక్కనున్న నీటిమీద ఆధారపడుతుంది. నీళ్లు ఎక్కువైతే కత్తెర, తక్కువైతే సూది.

ఆ 'తక్కువ' ఎంతవరకు తగ్గించవచ్చో 84 ఏళ్ల తర్వాత తెలిసింది. 1984లో అమెరికాలోని ఎంఐటీలో అలెక్స్ జాక్స్, అలెగ్జాండర్ క్లిబనోవ్ 0.02 శాతం నీరు మాత్రమే ఉన్న ద్రావకంలో పందిక్లోమపు లైపేజ్‌ను వేసి 100 డిగ్రీల దగ్గర పెట్టారు. నీళ్లలో అయితే ఆ వేడికి వెంటనే చచ్చే ఎంజైమ్ ఇక్కడ గంటల తరబడి పనిచేసింది. మంగలంలో వేగి ఓడిపోయిన ఎంజైమ్ జాతి, నీరు లేనిచోట అదే సెగకు నిలబడింది.

ఆ తర్వాత పరిశ్రమకు దొరికిన పనివాడు అంటార్కిటికాలోని వాండా సరస్సు అడుగు మట్టిలో దొరికిన ఈస్టుకు చెందినవాడు. దాని లైపేజ్‌ను చిన్న ప్లాస్టిక్ పూసలమీద నిలిపి, కొవ్వు ఆమ్లమూ ఆల్కహాలూ వాటి మధ్య పారిస్తారు. పుట్టే నీటిని ఎప్పటికప్పుడు లాగేస్తారు. ఆమ్లాలతో, లోహాలతో చేసే పాత పద్ధతికి 150 డిగ్రీలు దాటిన వేడి కావాలి, రంగూ వాసనా వచ్చి మళ్లీ శుద్ధి చేయాల్సి వస్తుంది. ఎంజైమ్‌కు 60, 70 డిగ్రీలు చాలు. క్రీముల్లో వాడే ఎస్టర్లు కొన్ని ఇప్పుడిలా తయారవుతున్నాయి. ఎంజైమ్ ఖరీదైనది కాబట్టి చౌక సరుకులో పాత పద్ధతిదే ఇంకా పైచేయి.

ముడి విప్పే మూడో చోటు

ఫ్యాక్టరీలో వేసిన ముడిని విప్పే కత్తెర మన చర్మంలోనే ఉంది. అక్కడి ఎస్టరేజ్ ఎంజైములు లోపలికొచ్చిన ఎస్టర్లను విడగొడతాయి. మందుల తయారీలో దీన్నే ఉపాయంగా వాడుకుంటారు. విటమిన్ ఎ కి పామిటిక్ ఆమ్లం కట్టి క్రీములో పెడితే అది చెడిపోకుండా నిలవుంటుంది. చర్మంలోకి వెళ్లాక ముడి ఊడి విటమిన్ బయటపడుతుంది. గింజ మొలకెత్తినప్పుడు జరిగే పనికీ దీనికీ సూత్రం ఒకటే.

తెలుగునేలకు ఈ సంగతులు దూరపువి కావు. పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో ఆముదం పాతపంట. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), నిజాం కాలంలో 1944లో ప్రయోగశాలగా మొదలైంది. నూనెల రసాయనశాస్త్రం దాని ప్రధాన విభాగాల్లో ఒకటి. రైసుమిల్లు తవుడు గంటల్లోనే పులిసిపోవడానికి కారణం కూడా లైపేజే. అందుకే నూనె తీసేవాళ్లు తవుడుకు ముందు ఆవిరి పట్టిస్తారు. వంటాముదానికి గింజలు వేయించే తర్కమే అక్కడా.

మొక్కనూనెలోంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. తలుపు తీసే ఎస్టర్ మందుకు తీసినట్టే మిగతావాటికీ తీస్తుంది. టెస్టోస్టిరాన్ జెల్ రాసుకున్న పెద్దల ఒంటికి తగిలిన పిల్లల్లో వయసుకు మించిన మార్పులు కనిపించడంతో, 2009లో అమెరికా ఔషధ సంస్థ ఆ జెల్ డబ్బాలమీద గట్టి హెచ్చరిక ముద్రించమంది. అలాంటి మందు రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, రాసినచోట బట్ట కప్పండి. మందుపట్టీ అంటించేచోట మాత్రం ఆముదం సహా ఏ నూనె చుక్కా ఉండకూడదు. జిడ్డుమీద పట్టీ నిలవదు.