గోండ్వానా: రాళ్లకు పెట్టిన మన పేరు

ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో మేము తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా గుండ్రాళ్ల పక్కనుంచి నడిచి పోయేవాళ్లం. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని పాఠాల్లో చదివాం. ఆ పాఠాల్లోనే 'గోండ్వానా' అన్న మాట కనబడింది. గోండుల పేరు భూగర్భశాస్త్రంలోకి ఎట్లా వచ్చిందని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

1872లో భారత భూగర్భ సర్వే అధికారి మెడ్లికాట్ మధ్య భారతంలోని కొన్ని రాతి పొరలకు గోండ్వానా అని పేరు పెట్టాడు. అవి గోండులు బతికే నేలలో ఉండటమే కారణం. 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త సూస్ ఆ పేరును ఇంకా దూరం తీసుకుపోయాడు. భారతదేశం, ఆఫ్రికా వంటి దక్షిణాది భూములు ఒకప్పుడు కలిసి ఉన్నాయని చెప్పి, ఆ భూమిని గోండ్వానాలాండ్ అన్నాడు. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకు అచ్చులు ఈ భూములన్నింటి రాళ్లలోనూ దొరకడం అందుకు పెద్ద సాక్ష్యం. సింగరేణి బొగ్గు కూడా ఆ కాలపు అడవుల నుంచి పుట్టిందే.

మన నేల సాక్ష్యం ఇంకొకటి నగరంలోనే ఉంది. నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌కు పోతే పెద్ద రాక్షసబల్లి అస్థిపంజరం కనబడుతుంది. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. కోట అనేది ప్రాణహిత అవతలి ఒడ్డున, సిరోంచ దగ్గరి ఊరు. యామన్‌పల్లి అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోది. అక్కడ కనీసం 12 జంతువుల ఎముకలు దొరికాయి. 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి ఈ జంతువు గురించి లోకానికి వివరించారు. మన ఊరి పేరు శాస్త్రంలో నిలిచింది. మరి ఆ చేలల్లో ఎముకలను మొదట ఎవరు చూశారు? ఏమని పిలుచుకున్నారు? తవ్వకాల్లో పలుగూ పారా పట్టింది ఎవరు? ఆ ఊళ్ల పెద్దలను అడిగి రాసుకోవాల్సిన చరిత్ర ఇది.

రాళ్ల కథ, మనుషుల కథ వేరు కావని చూపినవాడు ఒకడున్నాడు. నాగపూర్‌లో ఉన్న మతబోధకుడు హిస్లాప్ శిలాజాలు ఏరేవాడు. గోండుల లింగో పాటను ఒక పర్ధాన్ నోట రాయించుకున్నాడు. 1863లో ఆయన చనిపోయాక, 1866లో ఆ కాగితాలు అచ్చయ్యాయి. గుహలో బందీలైన దేవతలను లింగాల్ విడిపించిన కథ మన పర్ధాన్లు కీక్రి మీద ఇప్పటికీ చెబుతారు. అదీ రాతి నుంచి మొదలైన చరిత్రే.

జాతీయ పార్కుకు పోయినవాళ్లు కొండలు, శిలాజాలు, జంతువులు చూసి వస్తారు. ప్రాణహిత-గోదావరి లోయలో ఈ మూడూ ఉన్నాయి. 1965లో అభయారణ్యమైన కవాల్ 2012లో పులుల రిజర్వు అయింది. ప్రాణహిత అభయారణ్యం కృష్ణజింకలకు పేరుపడింది. పులి బతకాలి, జింక బతకాలి. కానీ పటంలో అడవిని పచ్చరంగుతో నింపేటప్పుడు అందులోని గూడేల పేర్లు పోకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ జాతీయ పార్కులకూ వర్తిస్తుంది. హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఊరిని కదిలించడానికి వీల్లేదని ఆ చట్టమే చెబుతుంది. ఖండాలకు మన పేరు పెట్టిన లోకం, మన చేను మీద మన పేరు రాయడానికి వెనకాడితే అడగాల్సింది మనమే.

అందుకే ఉపాధ్యాయులకు మా మాట ఒకటి. పిల్లలను నౌబత్ పహాడ్‌కు తీసుకుపోండి, ఆ తర్వాత ప్రాణహిత ఒడ్డుకూ తీసుకుపోండి. ఒక నోటుబుక్కు ఇచ్చి, ప్రతి గుట్టకూ వాగుకూ గూడెం పెద్దలు చెప్పే పేరును, ఆ పేరు వెనుక కథను రాయించండి. రాయి మీద ఆకు అచ్చు కనబడితే పెకిలించకుండా, ఎక్కడుందో గుర్తు రాసుకుని గ్రామసభకు చెప్పమనండి. కోట్ల ఏళ్ల కిందటి ఆకు తన గుర్తు వదిలి పోయింది. మన తాతల మాట మన చేతుల్లో చెరిగిపోకూడదు.