కాలువగట్టు పూలు

ఉత్తరమున ఇంద్రకీలాద్రియు దక్షిణమున సీతానగరపు గుట్టయు నొత్తుకొనిరాగా కృష్ణవేణి తన వెడల్పును కుదించుకొని ప్రవహించు తావున వెలసిన మా బెజవాడను గూర్చి పైయూళ్లవారు ముందుగా చెప్పుకొనునది యెండ. రోహిణీకార్తెలో కొండరాయి కాగి, అర్ధరాత్రమైనను సెగ దిగని యూరిది. పగలనక రేయనక రైలుకూతలు వినవచ్చు కూడలి యిది. ధాన్యము, మామిడిపండ్లు, మోటారు విడిభాగములు చేతులు మారు వర్తకస్థల మిది. ఇవన్నియు నిజములే. కాని యీ కాలువలలో నీతలు కొట్టుచు పెరిగి, యీ సందులలోనే తల నెరసిన నాబోటివానికి, ఈ సందడి నడుమ ననుదినము కంటబడు వేరొక బెజవాడ కలదు: ప్రహరీగోడపై నుండి వీధిలోనికి వంగిన నందివర్ధనపు కొమ్మ, బస్సుకొరకు నిలుచున్న బాలిక జడలోని కనకాంబరపు మాల, వంతెన దాటుచుండగా నెక్కడినుండియో తేలివచ్చు ఆకాశమల్లె పరిమళము. ఈ సౌందర్యమున కొక చరిత్ర కలదు. ఆ చరిత్ర కాలువలతో ముడివడి యున్నది.

కాలువలు లేనినాటి యీ సీమ దుఃస్థితిని తెలిసికొనవలెనన్న 1832-33 నాటి నందన కరవును తలచుకొనవలెను. కృష్ణ కన్నులయెదుటనే కడలిం గలియుచుండగా, గుంటూరు సీమలో జనులు గంజి దొరకక, త్రోవలవెంట పడి యసంఖ్యాకముగా మడిసిరి. గోదావరి కానకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర ప్రోత్సాహమున, కెప్టెన్ ఓర్ అను ఇంజనీరు పర్యవేక్షణలో, ఇంద్రకీలాద్రి పాదముకడ 1852లో మొదలిడిన యానకట్ట 1855 నాటికి ముగిసినది. దాని యెడమకొమ్మున వెడలిన నీరు పట్టణము నడుమనే చీలి, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ యను పేర్ల వేర్వేరు త్రోవలు పట్టినది. ఆ కాలువలవెంట పడవలు ధాన్యమును, మనుష్యులను మోసినవి. ఆ పడవలు పోయి చాల కాలమైనను లాకుల పేర మా పేటలను పిలుచుట నేటికిని మానలేదు. ఆనకట్టకు 1952లో గండిపడగా దాని యెగువను కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 నుండి పండ్రెండు లక్షల యెకరములకు నీరందించుచున్నది. ఈ యంకెలు బడిపిల్లల పుస్తకములలో నున్నవే. పుస్తకములలో లేనిది మరియొకటి కలదు. కాలువ పారునంత కాలము గట్టువెంట బావులలో నీరు పైకి వచ్చును; బావిలో నీరున్న యింట పెరటిలో నొక పాదు, ఒక పందిరి, ఒక పారిజాతపు మొక్క యుండును. సత్యనారాయణపురము, గవర్నరుపేట, కృష్ణలంక మొదలైన పేటలలోని పాతయిండ్ల పెరళ్లు పూచినది ఈ యూటనీటి చలువవలననే యని నా నమ్మకము.

అయినను ఈ యూరికి ప్రాణమువంటి పూవు మల్లె మాత్రము కాలువబిడ్డ కాదు. అది మైలవరము మొదలుగాగల మెట్టపల్లెల తోటలనుండి వచ్చును. శీతకాలమున నీరు కట్టుట మాని, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి యెండబెట్టినచో, ఆ బాధనంతయు నోర్చిన మొక్క ఫాల్గునము వచ్చుసరికి చిగిర్చి, యెండలు ముదిరినకొలది మొగ్గలు తొడుగును. మనలను బాధించు ఎండయే మల్లెకు మేలు చేయుట నాకెన్నటికిని తీరని యాశ్చర్యము. వేకువనే మొగ్గగా కోసిన పూవు ఉదయమునకెల్ల మా వన్ టౌన్ పూలబజారు చేరును. అచ్చట కాటాలపై కిలోల లెక్కన చేతులు మారి, చిల్లర యమ్మకముదారుల తట్టలలో తడిగుడ్డ క్రింద దాగి, వీధి వీధికిని పోవును. ఆ పూవు సాయంకాలము దీపములు పెట్టువేళకు కొప్పులో విచ్చవలెను. ముందుగా విచ్చినచో బేరము పోయినట్లే.

మాల కట్టువారి చేతులను నిలిచి చూచినవారు మాలో తక్కువ. నేను చూచితిని. గోనెపట్టా పరచుకొని కూర్చున్న వృద్ధురా లొకతె, నీట నానవేసిన అరటినారను కాలి బొటనవ్రేలికి తగిలించి, రెండు మొగ్గలను తొడిమలు కలియునట్లుంచి, వాని కెదురుగా మరి రెండింటిని పేర్చి, నారను చుట్టి, వ్రేలికొనతో నొక మెలిక త్రిప్పి లాగును. ఆమె చూపు మొగ్గలపై లేదు, వీధిపై నున్నది. చేతులు వాని పని యవి చేసికొనుచున్నవి. కొనవచ్చిన పిల్ల “మూర ఎంతమ్మా?” అని యడుగగా, ఆమె ధర చెప్పి, మోచేతినుండి నడిమివ్రేలి కొనవరకు మాలను సాచి కొలిచి, కొలత ముగిసినచోట త్రుంచక బెత్తెడు ముందుకు జరిపి త్రుంచి, “కొసరు కూడా వేశాను, తీసుకో తల్లీ” అన్నది. మెట్టలో పూచిన మల్లెను కట్టిన యా నార కృష్ణలోని లంకల అరటిబోదెదియని నేను గమనించితిని. మెట్టయు లంకయు నామె వ్రేళ్లకొనలయం దొకటియగుచున్నవి.

వసంతారంభమున కాలువగట్ల సొగసు చూడదగినది. ఉగాది వచ్చుచున్నదనగా వీధులలోని వేపచెట్ల క్రింద స్త్రీలు కొంగులు పట్టి నిలుతురు. అటు కార్లు, ఇటు ఆటోలు హారనులు మ్రోగించుచున్నను, ఒక పిల్లవాడు గోడ యెక్కి కొమ్మ వంచును, పచ్చడికి చాలినంత పూత కొంగులలో రాలును. కొన్ని దినములకు కానుగలు పూచును. తెల్లవారుజామున ఆ చెట్ల క్రింది నేల పేలాలు చల్లినట్లుండును. ఎవ్వరును కోయక, ఎవ్వరును అమ్మక, వేకువ నడచు కార్మికుని పాదముల క్రిందనే పరచుకొను పూలవి. అటుపిమ్మట ఏనాడో మడగాస్కరు దీవినుండి మన దేశమునకు వచ్చిన తురాయి, ఆకు కనబడనంతగా నెఱ్ఱబారును.

ఇక కాలువలోనే పూచు పూవొకటి కలదు. దానిని పొగడుట యుచితము కాదేమో, అయినను చెప్పక తప్పదు. దక్షిణ అమెరికా నుండి దిగుమతియైన గుర్రపుడెక్క మా కాలువలను కప్పి, నీటిని కదలనీయక, రైతులకును ఇంజనీర్లకును తీరని శత్రువై యున్నది. ఐనను దాని పూవును వంతెనపైనుండి కాక వంగి చూచినచో, లేతయూదారంగు రేకులలో పైరేకు నడుమ నెమలికన్నును బోలు పసుపుమచ్చ కానవచ్చును. దానిని పెరికివేయవలెనని నేనును కోరుదును. పెరికివేయువా డొకసారి ఆ పూవు వంక చూచినచో దోషము లేదు.

కాలువల దిగువన, బందరు చెంత పెడన యున్నది. అచ్చటి పూలు నేతబట్టపై పూచును. కరక్కాయ కషాయమున నానిన వస్త్రముపై, చెక్కిన టేకుచెక్క యచ్చులతో, ఇనుపత్రుప్పును బెల్లమును ఊరవేసి చేసిన నలుపును, పటికను అద్ది, పారునీట జాడించి, రంగుకాగులలో నుడికించగా పటిక పడినచోటనే యెఱుపు పట్టును. పూర్వమా యెఱుపు చిరివేరునుండి వచ్చెడిది. గోల్కొండ సుల్తానుల కాలమున పారసీక దేశమువారు మెచ్చిన లతలు, పుష్పములు ఆ యచ్చులలో నేటికిని నిలిచి యున్నవి. పారునీరు లేనిదే ఆ రంగు నిగ్గు తేలదని యచ్చటి పనివారు చెప్పుదురు. వరికి పారిన నీరే పెడన పూలకును పారుచున్నది.

కార్తికమాసము ముగిసిన మరునాటి పోలిపాడ్యమి వేకువను చూడని బెజవాడవాసి సగము బెజవాడనే చూచినాడు. చలిలో తడిచీరలతో స్త్రీలు అరటిదొప్పలలో ఆవునేతి వత్తులు వెలిగించి, ప్రక్క రెండు చామంతులుంచి, నదిలోను కాలువలలోను వదలుదురు. ఏలూరు కాలువ వంతెనపైని లారీలు నిలుపక పోవుచునే యుండును. క్రింద దీపములు మెల్లగా వంతెన కమానులలో దూరి ఆవలకు సాగును.

పూల ప్రసంగమున కృష్ణాజిల్లావాని పేరొకటి తలంపక పోరాదు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’ను, గుడివాడ చెంతనున్న చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు గానము చేయగా, పూజకై పూలు కోయబోయినవానితో పూలు మొరపెట్టుకొనుట తెలుగువా రెల్లరు విని కన్నీరు పెట్టిరి. మా పట్టణపు ప్రభుత్వ సంగీత కళాశాల ఆయన పేరనే యున్నది. ఆ విలాపమును విన్నతరువాతను మా స్త్రీలు పూలు ముడుచుట మానలేదు. మానవలెనని నేను కోరను, ఏలయన మూరకు కొసరు వేయు ఆ వృద్ధురాలి కడుపు ఆ పూలతోనే నిండవలెను. కాని కోసిన పూవు నవమానింపరాదని మాత్ర మా పద్యములవలన గ్రహించితిని.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు వాగు పొంగి సింగునగర్ ప్రాంతమును ముంచినపుడు, రోజుల తరబడి నిలిచిన నీట పెరటి మొక్కలు వేళ్లతో కుళ్లిపోయినవి. పిమ్మట నేనటు పోగా, ఇల్లు కడుగుకొనుట యింకను ముగియని యొక గృహిణి పాతడబ్బాలో మట్టి నింపి బంతినారు నాటుచుండెను. ఇట్టివారున్న పట్టణమిది. అట్టి పట్టణమున మనము ప్రతిదినము చేయు పని యేమి? దేవునికి పెట్టిన పూలను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, వంతెనపైనుండి కాలువలోనికి విసరుచున్నాము. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు అడుగున బయటపడు ఆ సంచుల కుప్పలు మన భక్తికి తలవంపులు. బెజవాడవారలారా, రేపటినుండి ఆ సంచి విప్పి, నిర్మాల్యమును మీ పెరటిచెట్టు మొదట వేయుడు. పెరడు లేనివారు కాలువగట్టున నొక కానుగనో, పొగడనో నాటి, దాని మొదట వేయుడు.